చక్రంలో గీసే చప్పుడు: జాడ పట్టే పద్ధతి

సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో కారు నడిపేవాళ్లకు రోడ్డు మీది కంకర కొత్త కాదు. పాశమైలారం, ఇస్నాపూర్, రుద్రారం దారుల్లో టిప్పర్లు 20 ఎం.ఎం. కంకర, బేబీచిప్స్ అనే సన్న కంకర, రోబో ఇసుక మోస్తూ తిరుగుతుంటాయి. ముంబై హైవే అని అందరూ పిలిచే 65వ నంబరు జాతీయ రహదారిని మియాపూర్ నుంచి సంగారెడ్డి దాకా 29 కిలోమీటర్ల మేర ఆరు వరుసలుగా విస్తరించే పనికి 2024 మార్చి 5న శంకుస్థాపన జరిగింది. విస్తరణ జరిగే రోడ్డు అంచున రాళ్లు పరుచుకొని ఉండటం మామూలే. లేతు షెడ్ల తుక్కు మోసే బండ్ల నుంచి రాలే ఇనుప పెళ్లలు వీటికి అదనం. ఇలాంటి దారిలో ఉన్నట్టుండి చక్రంలోంచి ఇనుమును ఇనుముతో గీసినట్టు చప్పుడు మొదలైతే కారణం చాలాసార్లు శనగగింజంత రాయే. అయితే అలాంటి చప్పుడునే చేసే ప్రమాదకరమైన లోపాలూ ఉన్నాయి. చప్పుడు ఎంత పెద్దదో చూసి భయపడటం వల్ల ఏదీ తేలదు. అది ఎప్పుడు మారుతోందో గమనిస్తే చాలావరకు తేలుతుంది.

ముందు రాయి ఎక్కడ చిక్కుతుందో చూద్దాం. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు చక్రాలకు డిస్కు, వెనక చక్రాలకు డ్రమ్ము ఉంటాయి. డిస్కు అంటే చక్రంతోపాటు తిరిగే పోత ఇనుప పళ్లెం. కాలిపర్ దానికి రెండువైపులా ప్యాడ్లను నొక్కితే బండి ఆగుతుంది. డిస్కు లోపలి ముఖానికి ఎదురుగా పలుచని ఇనుప రేకు ఒకటి బిగించి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని డస్ట్ షీల్డ్ అంటారు. నీళ్లు, బురద డిస్కు మీద పడకుండా ఆపడమే దాని పని. రేకుకూ డిస్కుకూ మధ్య సందు కొద్ది మిల్లీమీటర్లే. టైరు ఎగరేసిన బేబీచిప్ ఒకటి ఆ సందులో పడితే తిరిగే డిస్కు దాన్ని ఇరుకైన వైపు లాక్కుపోయి రేకుకు అదిమి పెడుతుంది. బురదను ఆపడానికి పెట్టిన రేకే రాయిని పట్టి ఉంచుతుందన్నమాట.

అంత చిన్న రాయి అంత రభస ఎందుకు చేస్తుంది? రాయి గీసినప్పుడు డిస్కు వంగుతూ కంపిస్తుంది. గరిటె తగిలిన కంచు పళ్లెంలా డిస్కే మోగుతుంది, రాయి చేసేది తాకడం మాత్రమే. డిస్కు సహజ కంపనాలు సెకనుకు వేల సంఖ్యలో ఉంటాయి. మనిషి చెవి అత్యంత సున్నితంగా వినేది సెకనుకు 2,000 నుంచి 5,000 కంపనాల మధ్య ధ్వనులనే. పైగా రేకు కూడా డప్పు తోలులా వణికి గోల పెంచుతుంది. డిస్కు బ్రేకుకు పేటెంటు పొందిన ఇంగ్లండు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్‌కు 1902 నాటికే ఈ గోల తెలుసు. ఆయన వాడిన రాగి ప్యాడ్లు ఇనుప డిస్కు మీద భరించలేనంతగా కీచుమనేవి.

ఈ ప్రాంతపు కంకరకు మరో గుణం ఉంది. ఇక్కడి క్రషర్లు పిండిచేసేది చాలావరకు గ్రానైటును. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి శిల అది. అందులోని క్వార్ట్జ్ మోహ్స్ కాఠిన్య ప్రమాణంలో 7 దగ్గర ఉంటుంది. పోత ఇనుము అంతకంటే మెత్తన. అందుకే రాయి డిస్కును గీస్తుంది గాని డిస్కు రాయిని అరగదీయడానికి చాలా సమయం పడుతుంది.

ఇక పరీక్ష. ఔటర్ రింగు రోడ్డు మీద 100 కిలోమీటర్ల వేగంలో గాలి హోరు, టైరు మోత అన్నిటినీ మింగేస్తాయి. ముత్తంగి దగ్గర దిగి వేగం తగ్గించాకే చప్పుడు బయటపడుతుంది. అది చక్రానిదేనా అని తేల్చడానికి ఒక లెక్క ఉంది. 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న టైరు ఒక చుట్టుకు సుమారు 1.9 మీటర్లు నడుస్తుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు మూడు చుట్లు. 40లో ఆరు. చప్పుడులో లయ వేగంతోపాటు ఇలా రెట్టింపైతే అది చక్రానిదే. బండిని న్యూట్రల్‌లో పెట్టి నిలబెట్టి ఇంజను రైజు చేసినా వినిపిస్తే ఇంజను వైపు వెతకాలి. పాశమైలారం కర్మాగారాల పొడవాటి ప్రహరీలు ఇందుకు బాగా పనికొస్తాయి: అద్దాలు దించి గోడ పక్కన నెమ్మదిగా నడిపితే చప్పుడు గోడకు తగిలి తిరిగొస్తుంది. మొదట ఒక వైపు, తర్వాత రెండో వైపు గోడకు దగ్గరగా వెళ్తే ఏ పక్క చక్రమో తెలుస్తుంది.

అన్నిటికంటే విలువైన పరీక్ష బ్రేకు పెడల్‌దే. పెడల్‌ను మెల్లగా తొక్కినా చప్పుడు మారకపోతే, అది డస్ట్ షీల్డ్‌లో చిక్కిన రాయి కావడానికి లేదా దెబ్బతిని వంగిన రేకు కావడానికి అవకాశం ఎక్కువ. తొక్కినప్పుడే మొదలైతే రాతి ముక్క ప్యాడ్‌లోకి గుచ్చుకుని ఉండవచ్చు, లేదా ప్యాడే అరిగిపోయి ఉండవచ్చు. చాలా ప్యాడ్లకు ఒక చిన్న స్టీలు నాలుక ఉంటుంది. ప్యాడు రెండు మూడు మిల్లీమీటర్లకు అరిగేసరికి అది డిస్కును తాకి సన్నగా కీచుమంటుంది. ఆ కీచు పోయి గరగరమంటే ప్యాడు పూర్తిగా అయిపోయి ఇనుప పలక డిస్కుకు తగులుతోందని అర్థం. స్టీరింగు ఒకవైపు తిప్పితే పెరిగి రెండోవైపు తిప్పితే తగ్గే హోరు సాధారణంగా బేరింగుది. వానలో రాత్రంతా నిలిపిన కారు ఉదయం కాసేపు గీసినట్టనిపించడం మాత్రం డిస్కు మీది సన్నని తుప్పే. నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే పోతుంది, దానికి కంగారు అక్కరలేదు.

రాయేనని తేలితే వాహనాలు లేని ఖాళీ చోట కొన్ని మీటర్లు వెనక్కి నడిపి చూడవచ్చు. ముందుకు తిరిగినప్పుడు ఇరుక్కున్నది వెనక్కి తిరిగినప్పుడు వెడల్పయిన వైపు జరిగి రాలిపడుతుంది. హైవే మీద ఈ పని ఎన్నడూ చేయకూడదు. అప్పటికీ పోకపోతే చక్రం విప్పాలి. బండి చదునైన నేల మీద ఉండాలి, మిగతా చక్రాలకు అడ్డుపెట్టాలి, జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు దూరకూడదు. డిస్కు చల్లారాక టార్చి వేసి చూస్తే రాయి గీసిన చోట మెరిసే గుండ్రటి గీత కనబడుతుంది. రేకును స్క్రూడ్రైవర్‌తో కొంచెం వంచితే రాయి బయటకొస్తుంది. గీత మీద గోరు నడిపినప్పుడు ఆగేంత లోతుంటే డిస్కు మందం కొలిపించాలి. కనీస మందం చాలా డిస్కుల మీద అచ్చువేసి ఉంటుంది. లోపలి పొడిని నోటితో గాని గాలి గన్నుతో గాని ఊదవద్దు. పాత రకం ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది. అది లేని ప్యాడ్ల పొడి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడవాలి. ప్యాడ్ల మీద నూనె మరక పడనివ్వకూడదు.

ఒక చక్రం మాత్రం మిగతావాటికంటే బాగా వేడెక్కి కాలిన వాసన వస్తుంటే రాయిని మరిచిపోండి. కాలిపర్ పట్టేసి ఉంటుంది. అలాంటప్పుడు గాని, పెడల్ తొక్కితే గరగర వచ్చినప్పుడు గాని బండిని హైవే ఎక్కించవద్దు, మెకానిక్‌నే అక్కడికి రప్పించండి. మెకానిక్ షెడ్డుకు వెళ్తే ఏ చక్రం, ఏ వేగంలో, పెడల్ తొక్కితే మార్పు ఉందా లేదా అన్న మూడు సంగతులూ చెప్పండి. "చప్పుడొస్తోంది" అని ఊరుకుంటే రాయి తీసే పనికి కొత్త ప్యాడ్ల బిల్లు చేతికొస్తుంది.