పాల సంఘ భవనాలలో కరెంటు పొదుపు

బల్క్ కూలర్ ఉన్న సంఘాల లెక్కలు తనిఖీ చేయునప్పుడు ఒక విషయం మాకు తరచుగా కనబడుతున్నది. కరెంటు, డీజిలు పద్దులు జీతాల పద్దుతో పోటీ పడుతున్నవి. బిల్లు ఎక్కువ వచ్చినదనగానే పాలకవర్గం వారి చూపు యంత్రం మీదకు పోతుంది. మెకానిక్కును పిలిపించి గ్యాసు తగ్గినదేమో చూడమంటారు. యంత్రం ఉన్న గదిని మాత్రం ఎవరూ చూడరు. సగం జబ్బు అక్కడే ఉంటున్నది.

ఒకప్పుడు సంఘ భవనమంటే పాలు కొలుచుకునే చోటు, చేత్తో తిప్పే టెస్టింగు యంత్రానికి ఒక బల్ల, క్యాన్లు కడిగే గట్టు. పోసిన పాలు క్యాన్లతో లారీ ఎక్కి శీతలీకరణ కేంద్రానికి పోయేవి. ఊళ్ళోకే కూలర్ వచ్చిన తర్వాత ఆ నాలుగు గోడలు, పైనున్న స్లాబు కూడా యంత్రంలో భాగమైపోయినవి. కట్టడం మాత్రం పాత పద్ధతిలోనే ఉండిపోయినది.

ముందు కాస్త లెక్క చూద్దాము. 1000 లీటర్ల పాలను 35 డిగ్రీల నుండి 4 డిగ్రీలకు దించాలంటే ఆ పాలలో నుండి తీయవలసిన వేడి సుమారు 35 యూనిట్లకు సమానం. కూలర్ చేసే పని ఆ వేడిని ఒకచోట తోడి మరొకచోట పోయటమే. బావి నీరు తోడినట్లే. కనుక దానికి 35 యూనిట్ల కరెంటు అక్కరలేదు. యంత్రం బాగుండి, దానికి చల్లని గాలి అందితే 14 నుండి 17 యూనిట్లతో పని ముగుస్తుంది. అంటే 100 లీటర్లకు యూనిటున్నరకు కాస్త అటూ ఇటూ. పాలు కలిపే మోటారు, దీపాలు, ఫ్యాన్లు, లారీ వచ్చేదాకా పాలను చల్లగా నిలపటం కలిస్తే ఇంకొంచెం పెరుగుతుంది. మీ సంఘంలో 100 లీటర్లకు మూడు, మూడున్నర పడుతున్నవంటే మాత్రం తేడా ఎక్కడికి పోతున్నదో వెతకవలసినదే. రోజుకు 1000 లీటర్లు వచ్చే చోట 100 లీటర్లకు ఒక్క యూనిటు అదనమైతే సంవత్సరానికి 3650 యూనిట్లు. యూనిటు 7 రూపాయలనుకుంటే 25,550 రూపాయలు. ఇది సభ్యులకు పంచవలసిన బోనస్ లో నుండి పోయే సొమ్ము. జనరేటరు నడిచిన గంటలలో నష్టం మరీ ఎక్కువ. లీటరు డీజిలు కాల్చితే వచ్చేది సుమారు మూడు యూనిట్లే.

డబ్బుతో పోయే నష్టం ఒక్కటే అయితే సర్దుకోవచ్చును. పిండిన పాలు మూడు గంటల లోపు చల్లబడాలి. వెచ్చని పాలలో సూక్ష్మక్రిములు అరగంటకు ఒక రెట్టు చొప్పున పెరుగుతవి. వేసవిలో యంత్రం నాలుగైదు గంటలు ఆడి కూడా పాలను 4 డిగ్రీలకు దించలేకపోయినదంటే, ఒక రోజు ట్యాంకరు వచ్చేసరికి ట్యాంకు మొత్తం పులుపెక్కి వెనక్కి వస్తుంది. శుభ్రంగా పిండి పోసినవారి పాలు కూడా అందులోనే ఉంటవి.

తలుపులు మూయకండి

తోడిన వేడి ఎక్కడికి పోతున్నది? చాలామంది సభ్యులు ఈ ప్రశ్న వేసుకోరు. కూలర్ వెనుక సన్నని రేకుల జల్లెడ వంటిది ఉంటుంది. దానిని కండెన్సరు అంటారు. పాలలో నుండి తోడిన వేడి, మోటారు తిన్న కరెంటు వేడి, రెండూ ఆ రేకుల గుండా గాలిలోకి పోతవి. పైన చెప్పిన 1000 లీటర్లకు ఇది సుమారు 50 యూనిట్లు. ఒక కిలోవాటు హీటరును 50 గంటలు వెలిగించినంత వేడి రెండు పూటలలో ఆ చిన్న గదిలో పడుతున్నదన్న మాట.

ఇప్పుడు ఆ గది తలుపులు, కిటికీలు మూసివేశారనుకోండి. చల్లదనం బయటికి పోకూడదని కొందరు కార్యదర్శులు నిజంగానే మూస్తున్నారు. ఏసీ గదికి చెల్లే సూత్రం ఇక్కడ చెల్లదు. కూలర్ చల్లదనం ట్యాంకు గోడల మధ్య నింపిన ఫోము లోపల ఉంటుంది, గదిలో ఉండదు. గది మూస్తే యంత్రం తాను వదిలిన వేడి గాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. కండెన్సరు ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కితే కరెంటు 2 నుండి 3 శాతం ఎక్కువ పడుతుంది. బయట 38 డిగ్రీలున్నప్పుడు గదిలో 48 ఉంటే 20, 30 శాతం కరెంటు వృథాగా పోయినట్లే.

ఒక సంఘంలో పెద్ద యంత్రం కొనుటకు తీర్మానం వ్రాసి సిద్ధంగా ఉంచారు. మేము లోపలికి పోయి చూచితిమి గదా, దాణా బస్తాలు కండెన్సరును ఆనుకొని పైదాకా పేర్చి ఉన్నవి. వెంటిలేటరుకు పిట్టలు రాకుండా అట్ట కొట్టి ఉన్నది. బస్తాలు పక్క గదికి మార్పించి, అట్ట పీకించి దాని స్థానంలో ఇనుప వల వేయించి, రేకుల మధ్య పట్టిన దుమ్మును మెత్తని బ్రష్షుతో దులిపించితిమి. ఖర్చు కూలి డబ్బులే. తీర్మానం వాయిదా పడినది. (ఆ వేడికి దాణా కూడా చెడుతుందని వేరే చెప్పనక్కర లేదు.)

కండెన్సరుకు, గోడకు మధ్య మనిషి నిలబడి తుడవగలిగినంత ఖాళీ ఉండాలి. గాలి ఒక వైపు నుండి వచ్చి మరొక వైపు పోవాలి. వీలైతే కండెన్సరును బయట ఉత్తరం వైపు గాని తూర్పు వైపు గాని నీడలో పెట్టించుకోవటం మేలు. పడమటి గోడ మధ్యాహ్నం నుండి కాగుతూ ఉంటుంది. ఆ వైపు వద్దు. లోపలే ఉంచక తప్పదంటే వేడి గాలి పోయే ఎత్తున ఒక ఎగ్జాస్టు ఫ్యాను పెట్టి, ఎదుటి గోడకు కింద జాలీ ఉంచండి. జాలీ లేకుండా ఫ్యాను ఒక్కటే పెట్టినందువల్ల ఉపయోగం లేదు.

నెత్తి మీది స్లాబు

గదిలోకి గాలి రావటం మొదటి పని అయితే, ఆ గాలిని స్లాబు వేడెక్కించకుండా చూడటం రెండవది. ఏప్రిల్, మే నెలలలో మన ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి వస్తాడు. గోడల కంటే పైకప్పు మీదనే ఎండ ఎక్కువ. చదరపు మీటరుకు సుమారు ఒక కిలోవాటు వరకు ఉంటుంది. 20 అడుగులు, 15 అడుగుల గదికి 28 చదరపు మీటర్ల కప్పు. 28 హీటర్లు బోర్లించినట్లు లెక్క. పాతబడి నల్లబారిన సిమెంటు స్లాబు అందులో మూడింట రెండు వంతులు మింగుతుంది. తెల్లని కప్పు పావు వంతు మింగి మిగిలినది ఆకాశానికి తిప్పికొడుతుంది.

ఇందులో పాల సంఘానికి ప్రత్యేకించి ఒక చిక్కున్నది. స్లాబు మింగిన వేడి వెంటనే లోపలికి దిగదు. మూడు నాలుగు గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటి ఎండ సరిగ్గా సాయంకాలం పాలు పోసే వేళకు గదిలోకి దిగుతుంది. బయట చల్లబడినా లోపల ఉక్క తగ్గకపోవటానికి కారణం ఇదే. మన పెద్దల మట్టి మిద్దెలు, మద్రాసు టెర్రేసులు మందంగా ఉండి ఈ వేడిని బాగా ఆపేవి. నాలుగైదు అంగుళాల కాంక్రీటుకు ఆ గుణం లేదు. వాటిని మళ్ళీ కట్టమని మేము చెప్పము, కాని కాంక్రీటు వేసినవారు దాని మీద తెలుపు వేయటం కూడా నేర్చుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానమొకటి ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు అట్లా చేయాలని లక్ష్యం పెట్టుకున్నది.

పద్ధతి తేలిక. స్లాబు మీది పాచి, దుమ్ము గీకి కడగాలి. పగుళ్ళు సిమెంటుతో పూడ్చాలి. రాతి సున్నం ముందు రోజే నానబెట్టి, గుడ్డతో వడకట్టి, జిగురు కలిపి, స్లాబు తడిపి రెండు మూడు పూతలు వేయాలి. సున్నం కళ్ళలో పడితే చూపు పోయే ప్రమాదమున్నది. వేసేవారికి అద్దాలు, చేతి తొడుగులు ఇవ్వండి. వానలకు ఇది కొట్టుకొని పోతుంది గనుక ఏటా ఫాల్గుణంలో వేసుకోవాలి. ప్రతి సంవత్సరం ఎవరు చేస్తారనుకునేవారు కప్పుల కోసం వచ్చే తెల్ల పెయింటు గాని, తెల్ల పెంకు ముక్కలు గాని వేయించుకోవచ్చును. ఏది వేసినా దుమ్ము పట్టితే గుణం పోతుంది. అప్పుడప్పుడు కడగాలి. సిమెంటు రేకుల కప్పు ఉన్నవారు వాటి మీదకు ఎవరినీ ఎక్కించవద్దు, విరిగి పడతారు. లోపల రేకుల కింద తడికె గాని సీలింగు గాని కట్టించితే చాలు.

దీపాలు, ఫ్యాన్ల సంగతి అందరికీ తెలిసినదే. బల్బులు మార్చనివారు మార్చుకోండి. అంతకంటె పెద్దది వేడి నీళ్ళ ఖర్చు. ట్యాంకు, క్యాన్లు కడుగుటకు 100 లీటర్ల నీటిని 40 డిగ్రీలు పెంచాలంటే నాలుగున్నర యూనిట్లకు పైగా పడుతుంది. అదే ఎండను ఈసారి సోలార్ హీటరుకు పట్టించితే ఆ ఖర్చు చాలావరకు పోతుంది.

పాల రిజిష్టరులో రోజూ ఒక గడి అదనంగా గీచి, ఉదయం పాలు పోయకముందు మీటరు రీడింగు వ్రాయండి. నెలాఖరున యూనిట్లను లీటర్లతో భాగించి 100 లీటర్లకు ఎంత పడినదో పాలకవర్గ సమావేశంలో చదవండి. డీజిలు లీటర్లు పక్కన వేరుగా చూపండి. సున్నం ఖర్చు, రేకులు తుడిపించిన కూలి, భవన మరమ్మతుల పద్దు కింద వేసుకోవచ్చును. ఎగ్జాస్టు ఫ్యాను, సోలార్ హీటరు మాత్రం ఆస్తుల పద్దుకు పోవాలి. వాటికి ముందుగా తీర్మానం, కొటేషన్లు ఉంచండి. ఆడిట్ లో అభ్యంతరాలు వచ్చేది అక్కడే.