తోలు కప్పిన సొరబుర్ర

మొన్న మా మనవడు ఫోనులో ఏదో అమెరికా పాట పెట్టుకుని వచ్చాడు. "తాతయ్యా, ఈ టంగుటంగుమనేది ఏంటి?" అన్నాడు. "బ్యాంజో రా" అన్నాను. వాడు ఒప్పుకోలేదు. వాడు చూసిన బ్యాంజోకి టైపు మిషనులా మీటలుంటాయి. పాపం, వాడి తప్పు కాదు. మనవాళ్ళు బ్యాంజో అని పిలిచే ఆ పెట్టె బుల్‌బుల్ తరంగ్. జపానువాళ్ళ తైషోగోటో దానికి తాత. అసలు బ్యాంజో వేరు. దానికి పొట్ట మీద తోలుంటుంది. కథంతా ఆ తోలులోనే ఉంది.

"ఒక రబ్బరు బ్యాండు, పాత పాలపొడి డబ్బా, పుట్టినరోజుకి మిగిలిన బుడగ పట్రా" అన్నాను. ముందు రబ్బరు బ్యాండుని రెండు వేళ్ళ మధ్య సాగదీసి మీటాం. చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినపడలేదు. సన్నని తీగ గాలిని తోయలేదు, గాలి దాని పక్కలనుంచి జారిపోతుంది. తర్వాత బుడగని కోసి డబ్బా మూతికి బిగించాం. రబ్బరు బ్యాండుని డబ్బా చుట్టూ నిలువుగా వేసి, దాని కింద బుడగ మీద పెన్సిలు ముక్క ఒకటి నిలబెట్టాం. మీటగానే ఠంగుమంది! వాడి కళ్ళు చూడాలి. తీగ ఊపుని ఆ ముక్క బుడగకి అందించింది, అంత వెడల్పున్న బుడగ గాలిని గట్టిగా తోసింది.

మరి ఠంగుమన్న ఆ మోత అంతలోనే ఎందుకు ఆగిపోతుంది? నీకు వంద రూపాయలిస్తే ఒక్కరోజులో ఖర్చు పెడతావు, మీ అక్క పదిరోజులు దాచుకుంటుంది. తోలు తేలిక, తీగలోని శక్తిని ఒక్కసారే గుంజేసి మోతగా మార్చేస్తుంది. వీణ చెక్క బరువు, నెమ్మదిగా ఖర్చుపెడుతుంది. అందుకే వీణ స్వరం సాగుతుంది, బ్యాంజో స్వరం మెరిసి మాయమవుతుంది. 2004లో నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ పొలిట్జర్ కూడా బ్యాంజో మోత మీద వరసగా వ్యాసాలు రాశాడు.

ఈ తోలు వాద్యం పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. సెనెగల్, గాంబియా దేశాల్లో జోలా జనం ఈనాటికీ అకోంటింగ్ వాయిస్తారు. సొరబుర్రకి మేకతోలు, మూడు తీగలు. అందులో ఒకటి పొట్టిది, బొటనవేలితో మీటుతూ ఉంటే ఒకే స్వరం పలుకుతుంది. మన వీణకి పక్కన శ్రుతి తీగలు లేవూ, అలాంటిదే. అయిదు తీగల బ్యాంజోలో అయిదోది కూడా అదే పొట్టి తీగ.

ఆ నేల నుంచి బానిసలుగా పట్టుకుని, సంకెళ్ళు వేసి అమెరికా వైపు ఓడలకెక్కించిన మనుషులు చేతుల్లో దాదాపు ఏమీ తీసుకెళ్ళలేకపోయారు. చేసే విద్య మాత్రం తలలో ఉంది. దిగిన చోట బుర్ర దొరికింది, తోలు దొరికింది. 1687లో జమైకా వెళ్ళిన వైద్యుడు హాన్స్ స్లోన్ వాళ్ళ వాద్యాల బొమ్మ వేయించి 1707లో అచ్చు వేశాడు. 1740లో అమెరికాలోని సౌత్ కరొలైనా చట్టం బానిసల డోళ్ళని నిషేధించింది. అక్కడే 1780ల చివర్లో గీసిన ఒక చిత్రంలో మాత్రం ఒక నల్లజాతి మనిషి సొరబుర్ర బ్యాంజో ఒళ్ళో పెట్టుకుని కనిపిస్తాడు. డోలు పోయినా తోలు పోలేదన్నమాట.

తర్వాత జరిగింది తల్చుకుంటే నాకు బాధేస్తుంది. 1830లలో వర్జీనియాకు చెందిన జోయెల్ స్వీనీ అనే తెల్లవాడు నల్లవాళ్ళ దగ్గర ఈ విద్య నేర్చి వేదికకెక్కించాడు. అక్కణ్ణుంచి ముఖాలకి మసి పూసుకుని, నల్లవాళ్ళని వెక్కిరించే నాటకాల్లో బ్యాంజో ముఖ్య వాద్యమైంది. ఎవరి చేతుల్లో పుట్టిందో వాళ్ళని ఎగతాళి చేయడానికే దాన్ని వాడారు. ఇది దొంగతనం కన్నా ఘోరం. నల్లవాళ్ళలో చాలామంది దాన్ని వదిలేశారు, కొండప్రాంతపు తెల్లవాళ్ళ వాద్యమనే పేరు స్థిరపడింది.

ఆ కొండల పాటలోనే 1945లో ఎర్ల్ స్క్రగ్స్ అనే కుర్రాడు మూడు వేళ్ళతో వాన కురిపించాడు. స్వరం నిలవదు కదా, ఖాళీ రాకుండా గబగబా మీటుతూ పోవాలి! తోలు గుణమే ఆ బాణీకి సాయం చేసింది.

తేమకి తోలు వదులైపోతే మోత చచ్చిపోతుంది. అందుకే 1950ల చివర్లో ప్లాస్టిక్ పొరలు వచ్చాయి. అయినా రియానన్ గిడెన్స్ అనే నల్లజాతి కళాకారిణి 1858 నాటి బ్యాంజోకి నకలైన వాద్యం పట్టుకుని, ఆ పాత గొంతుతోనే పాడుతోంది. వినండి పిల్లలూ. అలాగే మన ఊళ్ళో డప్పు కొట్టేముందు గడ్డిమంట దగ్గర కాచేటప్పుడు పక్కన నిలబడండి. కాచకముందు ఒక దెబ్బ, కాచాక ఒక దెబ్బ వేయమని అడగండి. ఆ తేడా మీ చెవులే చెబుతాయి.