ఆఖరి కాపీ ఏ తేదీది?

ఇంట్లో కంప్యూటరుకు ఆటోమేటిక్ బ్యాకప్ పెట్టుకున్నవాళ్ళు దాని మొహం మళ్ళీ చూసేది సాధారణంగా రెండే సందర్భాల్లో. ఒకటి, స్క్రీన్ మూలన హెచ్చరిక కనిపించినప్పుడు. రెండోది, హార్డ్ డిస్క్ పోయి, పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు కావలసి వచ్చినప్పుడు. హెచ్చరిక వచ్చినవాళ్ళు అదృష్టవంతులు. షెడ్యూలు మీద నడిచే బ్యాకప్ ఆగిపోయేటప్పుడు చాలాసార్లు చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది.

ఎర్రర్ కోడ్ పట్టుకుని గూగుల్ చేసే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. చివరిసారి బ్యాకప్ సరిగ్గా అయింది ఏ తేదీన? ఆ తేదీ దొరికితే సగం పని అయినట్టే. ఎందుకంటే ఇళ్ళల్లో బ్యాకప్ ఆగడానికి సాఫ్ట్‌వేర్‌కు పట్టిన తెగులు కారణం కావడం అరుదు. షెడ్యూలు పెట్టిన రోజు ఇంట్లో పరిస్థితి ఎలా ఉందో ఎప్పటికీ అలాగే ఉంటుందన్న లెక్క మీద అది నడుస్తుంది. ఈలోగా పాస్‌వర్డ్ మారుతుంది. డెస్క్‌టాప్ పోయి ల్యాప్‌టాప్ వస్తుంది. అబ్బాయి ప్రాజెక్టు కోసం ఎక్స్‌టర్నల్ డిస్క్ తీసుకెళ్ళి తెచ్చి వేరే పోర్టులో గుచ్చుతాడు. స్టూడియోవాళ్ళు ఇచ్చిన పెళ్ళి వీడియో ఒక్కటే డిస్కులో మిగిలిన చోటంతా తినేస్తుంది. కాబట్టి ఆ తేదీ అటూ ఇటూ ఇంట్లో ఏం మారిందో గుర్తు చేసుకోవడమే ఇందులో అసలు పరిశోధన.

తేదీ కనుక్కోవడం ఎలా? విండోస్‌లో ఫైల్ హిస్టరీ వాడుతుంటే కంట్రోల్ ప్యానెల్‌లో దాని పేజీ తెరవగానే ఫైళ్ళు చివరిసారి ఎప్పుడు కాపీ అయ్యాయో రాసి ఉంటుంది. ఆ మాటతో ఊరుకోకుండా బ్యాకప్ డిస్కులోకే వెళ్ళి ఫైల్‌హిస్టరీ అన్న ఫోల్డరు తెరవండి. లోపల ప్రతి ఫైలు పేరు చివరా తేదీ, సమయం, యూటీసీ అన్న మూడక్షరాలు కనిపిస్తాయి. అది గ్రీనిచ్ లెక్క. మన టైముకు రావాలంటే 5 గంటల 30 నిమిషాలు కలుపుకోవాలి. సాయంత్రం 7 గంటలకు అయిన కాపీ అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నరకు అయినట్టు ఉంటుంది. అది చూసి షెడ్యూలు గాడి తప్పిందని కంగారు పడకండి.

ఇంకో మెలిక. ఫైల్ హిస్టరీ మారిన ఫైళ్ళనే కాపీ చేస్తుంది. నెల రోజులుగా మీరు ఏ ఫైలూ ముట్టుకోకపోతే కొత్త కాపీ లేకపోవడం తప్పు కాదు. అనుమానం తీరాలంటే డెస్క్‌టాప్ మీద చిన్న నోట్‌ప్యాడ్ ఫైలు ఒకటి చేసి, రన్ నౌ నొక్కి, అది అవతలి డిస్కులోకి చేరిందో లేదో చూడండి. చేరితే యంత్రాంగం బాగానే ఉంది, లోపం షెడ్యూలులో ఉంది. చేరకపోతే డిస్కునో, అనుమతులనో పట్టుకోవాలి. ఇంత చవకైన పరీక్ష మరొకటి లేదు. అయినా అందరూ దీన్ని చివరికి చేస్తారు.

ముందు షెడ్యూలు సంగతి చూద్దాం. విండోస్ 7 కాలం నాటి బ్యాకప్ అండ్ రిస్టోర్ ఇప్పటికీ విండోస్ 10లోనూ 11లోనూ ఉంది. దానికి కంపెనీవాళ్ళు పెట్టిన సమయం ఆదివారం సాయంత్రం 7 గంటలు. ఆ సమయానికి కంప్యూటరు ఆన్‌లో ఉండే ఇళ్ళు ఎన్ని? కుటుంబమంతా బయటికెళ్ళి ఉంటుంది, లేదంటే కరెంటు పోయి ఉంటుంది. అది ఎందుకు కావడం లేదని తల బద్దలు కొట్టుకోవడం కన్నా, మీరు రోజూ తప్పకుండా కంప్యూటరు ముందుండే సమయానికి మార్చుకోవడం మేలు.

విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్‌లో సొంతంగా బ్యాకప్ పని పెట్టుకున్నవాళ్ళకు మూడు గళ్ళు ముఖ్యం. కండిషన్స్ అన్న పేజీలో, కంప్యూటరు కరెంటు మీద ఉంటేనే పని మొదలుపెట్టు అన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంటుంది. డెస్క్‌టాప్‌కు దానితో పేచీ లేదు. ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ తీసి సోఫాలో వాడే ఇంట్లో ఆ ఒక్క టిక్కు చాలు, బ్యాకప్ నెలల తరబడి మొదలే కాకపోవడానికి. అదే పేజీలో, నిద్రలో ఉన్న కంప్యూటరును లేపి పని చేయించే గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. సెట్టింగ్స్ పేజీలో, సమయం తప్పిపోతే వీలైనంత త్వరగా మళ్ళీ నడుపు అన్నదీ ఖాళీయే. నేనైతే మొదటిది తీసేసి, మూడోదానికి టిక్కు పెడతాను, అర్ధరాత్రి కంప్యూటరును లేపే రెండోదాని జోలికి పోను. బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ మధ్యలో మేలుకుని వేడెక్కడం ఎవరికి కావాలి?

పాస్‌వర్డ్ గొడవ ఇంకా చిత్రమైనది. యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడుపు అని ఎంచుకుంటే విండోస్ మీ అకౌంటు పాస్‌వర్డ్ అడిగి దాచుకుంటుంది. ఆరు నెలల తర్వాత మీరు ఫోన్‌లోంచి మైక్రోసాఫ్ట్ అకౌంటు పాస్‌వర్డ్ మార్చారనుకోండి. కంప్యూటరును రోజూ నాలుగంకెల పిన్‌తో తెరుస్తారు కాబట్టి మీకు ఏ తేడా తెలియదు. టాస్క్ దగ్గర మాత్రం పాత పాస్‌వర్డే ఉంటుంది, ప్రతి రాత్రీ దాన్నే చూపించి భంగపడుతుంది. టాస్క్‌ను తెరిచి కొత్త పాస్‌వర్డ్ ఇస్తే సరిపోతుంది. అక్కడ పిన్ పనికిరాదు.

ఇదంతా జరిగిందో లేదో ఊహించనక్కర్లేదు. టాస్క్ షెడ్యూలర్‌లో ప్రతి పనికీ లాస్ట్ రన్ రిజల్ట్ అన్న వరస ఉంటుంది. అక్కడ అన్నీ సున్నాలైతే పని పూర్తయినట్టు. 0ఎక్స్41303 అంటే ఇంతవరకూ ఒక్కసారి కూడా నడవలేదని. 0ఎక్స్8007 అని మొదలైతే చివరి నాలుగు స్థానాలు చూడండి, సంగతంతా అక్కడే ఉంటుంది. 0070 అంటే డిస్కులో చోటు లేదు. 0005 అంటే అనుమతి లేదు. 052ఇ అంటే పైన చెప్పిన పాస్‌వర్డ్ గొడవ. 045డి వస్తే డిస్కుకూ కంప్యూటరుకూ మధ్య మాట కుదరడం లేదని. కేబుల్ మార్చి, పోర్టు మార్చి చూసినా అదే వస్తుంటే, ముఖ్యంగా డిస్కు లోపల టక్ టక్ మంటుంటే, మరమ్మతులు ఆపి కొత్త డిస్కు కొనుక్కోవాలి. హిస్టరీ అన్న పేజీలో వివరాలన్నీ ఉంటాయి గానీ అది ముందు నుంచీ ఆఫ్‌లో ఉంటుంది. కుడివైపు ఎనేబుల్ ఆల్ టాస్క్స్ హిస్టరీ నొక్కితే అప్పటినుంచి రాయడం మొదలుపెడుతుంది.

కోడ్ చూడగానే తప్పు జరిగిందనుకోకూడదు కూడా. కొంచెం తెలిసినవాళ్ళు విండోస్‌లోనే ఉండే రోబోకాపీతో సొంత బ్యాకప్ రాసుకుంటారు. దానితో ఫైళ్ళు చక్కగా కాపీ అయితే టాస్క్ షెడ్యూలర్‌లో కనిపించేది 0ఎక్స్1. మామూలుగా ఒకటి అంటే ఏదో తేడా జరిగిందని అర్థం. రోబోకాపీ భాషలో మాత్రం ఒకటి అంటే కొత్త ఫైళ్ళు కాపీ అయ్యాయని, సున్నా అంటే కాపీ చేయడానికేమీ లేదని. 8, ఆ పైన వస్తేనే కంగారు పడాలి.

అదే రోబోకాపీకి ఇంకో గుణముంది. ఏదైనా ఫైలు మరో ప్రోగ్రాము చేతిలో ఉండి తెరుచుకోకపోతే, మనం వేరే చెప్పకపోతే, అది 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. తాళం వేసిన ఇంటి ముందు నిలబడి ఏడాది పొడవునా తలుపు కొట్టే మనిషిలాంటిది. లెక్క కడితే దాదాపు 347 రోజులు. విండోస్ మూడు రోజులకు విసిగి టాస్క్‌ను ఆపేస్తుంది. అంతవరకూ నిన్నటి పని ఇంకా నడుస్తోంది కాబట్టి ఈరోజుది మొదలుకాదు. లాస్ట్ రన్ రిజల్ట్‌లో నడుస్తోంది అనే కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. రోబోకాపీ కమాండులో ప్రయత్నాల సంఖ్యకు ఆర్ అన్న అక్షరం పక్కన 2, మధ్యలో ఆగే సెకన్లకు డబ్ల్యూ పక్కన 5 రాస్తే ఈ పీడ విరగడ.

ఇక అవతలి డిస్కు. పెన్‌డ్రైవ్‌లకూ ఎక్స్‌టర్నల్ డిస్కులకూ విండోస్ ఏ అక్షరం ఖాళీగా ఉంటే అది ఇస్తుంది. నిన్న ఇ, ఈరోజు ఎఫ్. అక్షరాన్ని మాత్రమే నమ్ముకున్న స్క్రిప్టు ఇ కనిపించకపోతే ఆగిపోతుంది, అది నయం. ఆ రోజు ఇ అక్షరం పక్కింటివాళ్ళ పెన్‌డ్రైవ్‌కు వచ్చిందనుకోండి, మీ ఫోటోలన్నీ సంతోషంగా దానిలోకి వెళతాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి బ్యాకప్ డిస్కుకు ఎక్స్, వై లాంటి చివరి అక్షరం ఇవ్వండి. అక్కడిదాకా మామూలుగా ఎవరూ రారు. బిట్‌లాకర్‌తో తాళం వేసిన డిస్కయితే రీస్టార్ట్ అయిన ప్రతిసారీ పాస్‌వర్డ్ ఇచ్చేదాకా బ్యాకప్‌కు అది లేనట్టే లెక్క. ఆటో అన్‌లాక్ పెట్టుకోవాలి.

చోటు చాలకపోవడానికి ఫైల్ హిస్టరీలో పెద్ద కారణం, పాత కాపీలు ఎప్పటికీ ఉంచు అన్న ఏర్పాటు ముందే ఉండటం. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో, చోటు అవసరమైనంతవరకు అన్నదానికి మార్చండి. డిస్కులో బోలెడంత చోటున్నా ఒక్క పెళ్ళి వీడియో మాత్రం ఎక్కకపోతే ఆ డిస్కు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. 4 జీబీకి చేరిన ఫైలును అది తీసుకోదు. లోపలున్నవి వేరేచోట దాచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ఫార్మాట్ చేసుకోవాలి.

మన దగ్గర ప్రత్యేకంగా కనిపించే తిప్పలు రెండున్నాయి. కంప్యూటరు అమ్మినవాడు డిస్కును సి, డి, ఇ అని ముక్కలు చేసి ఇవ్వడం, ముఖ్యమైనవన్నీ డిలో పెట్టుకోమని చెప్పడం మనకు అలవాటు. ఫైల్ హిస్టరీ తనంతట తాను చూసేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లనే. డి డ్రైవ్‌లోని పదేళ్ళ ఫోటోల వంక అది కన్నెత్తి చూడదు. పైగా బ్యాకప్ అయిందనే చెబుతుంది. చెప్పింది అబద్ధమూ కాదు. ఇక సిలోనివి డిలోకి కాపీ చేసి బ్యాకప్ ఉందనుకునేవాళ్ళు గుర్తుంచుకోవలసింది, ఆ రెండూ ఒకే డిస్కు ముక్కలైతే పోయేటప్పుడు కలిసే పోతాయని.

రెండోది తెలుగు పేర్లు. 'అమ్మమ్మ షష్టిపూర్తి' అని ఫోల్డరుకు పేరు పెడితే విండోస్‌కు ఏ ఇబ్బందీ లేదు. యూనికోడ్ తెలియని పాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది వరసగా ప్రశ్నార్థకాల్లా కనిపిస్తుంది. విండోస్‌లో ఫైలు పేరులో ప్రశ్నార్థకం ఉండకూడదు. ఇంకేం, అలాంటి ఫోల్డరు లేదని లాగ్‌లో రాసి ముందుకు పోతుంది. బ్యాచ్ ఫైల్‌లో తెలుగు పేరు రాసుకున్నా ఇదే గతి. దాన్ని యూటీఎఫ్-8గా సేవ్ చేసి, పై వరసలో సీహెచ్‌సీపీ 65001 అని రాయాలి. లేదా పై ఫోల్డరుకు ఇంగ్లిషు పేరు పెట్టి మొత్తంగా కాపీ చేయించాలి.

ఇంత తంటా పడినా, ఆగినప్పుడు ఆ కబురు మనకు చేరాలి కదా. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజనీరు ఒక సర్వరు అనుకుని మరో సర్వరులోని డేటాబేస్‌ను చెరిపేశాడు. తీరా చూస్తే షెడ్యూలు మీద నడవాల్సిన బ్యాకప్ కొంతకాలంగా నడవడమే లేదు. కారణం, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఒక వెర్షనులో, బ్యాకప్ తీసే పనిముట్టు మరో వెర్షనులో ఉండటం. విఫలమైనప్పుడల్లా అది ఈమెయిల్ పంపుతూనే ఉంది. సరైన సంతకం లేదని అందుకునే సర్వరు వాటిని తిప్పికొట్టింది. అంతకు ఆరు గంటల ముందు మరో పని కోసం చేత్తో తీసుకున్న కాపీ ఒకటుండబట్టి అప్పటిదాకా ఉన్నదైనా దక్కింది. ఇవన్నీ ఆ కంపెనీ దాచుకోకుండా తానే ప్రకటించిన వివరాలు. నిపుణులకే అలా జరిగితే మనమెంత అని చేతులెత్తేయనక్కర్లేదు. మనకున్న ఫైళ్ళు తక్కువ, చూసుకోవడం తేలిక.

నెలకోసారి బ్యాకప్ డిస్కులోంచి ఒక ఫోటో, ఒక డాక్యుమెంటు, ఒక వీడియో ఎంచుకుని, పాతవాటి మీద కాకుండా కొత్త ఫోల్డరులోకి వెనక్కి తెచ్చుకోండి. మూడూ తెరిచి చూడండి. పేరు కనిపించినంత మాత్రాన ఫైలు బాగున్నట్టు కాదు, వీడియో చివరిదాకా జరిపి చూడాలి. ఈ పని కొత్త సంగతులు జరిగిన నెలలో చేస్తే మరీ మంచిది: పాస్‌వర్డ్ మార్చినప్పుడు, విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు, కంప్యూటరు సర్వీసుకు ఇచ్చి తెచ్చినప్పుడు. తెరుచుకున్న ఫైళ్ళలో అన్నిటికన్నా కొత్తది ఏ తేదీదో ఒక చీటీ మీద రాసి డిస్కుకు అతికించండి. మళ్ళీ ఎప్పుడైనా బ్యాకప్ ఆగితే ఆ తేదీ నుంచి వెతకడం మొదలుపెట్టవచ్చు.