శాండ్‌విచ్‌కి ఆ పేరు ఎట్లా వచ్చింది?

రెండు బ్రెడ్డు ముక్కలు. మధ్యలో కొంచెం కూరో, గుడ్డో, టమాటా ముక్కలో. పైదీ కిందిదీ కలిపి చేత్తో పట్టుకుని తినడమే. దీన్నే శాండ్‌విచ్ అంటారు. బేకరీల్లో, రైలు స్టేషన్లలో అమ్ముతుంటారు. తిన్నవాళ్ళు చాలామందే ఉంటారు. కాని శాండ్‌విచ్ అనేది ఒక ఊరి పేరని మీకు తెలుసా?

ఆ ఊరు ఇంగ్లండులో ఉంది. ఇసుక నేల మీది సంత ఊరు అని ఆ మాటకు అర్థం. ఆ ఊరి పేరు మీద ఒక బిరుదు ఉంది. జాన్ మాంటెగ్యూ అనే ఆయనకు తాత నుంచి ఆ బిరుదు వచ్చింది. ఆయన 1718లో పుట్టాడు, 1792లో చనిపోయాడు. అందరూ ఆయన్ని శాండ్‌విచ్ దొర అనేవాళ్ళు.

ఈ దొరకు పేకాట పిచ్చి అని ఒక కథ ఉంది. ఆట వదిలి భోజనానికి లేవలేక, రెండు రొట్టె ముక్కల మధ్య మాంసం పెట్టి తెమ్మన్నాడట. చేతికి జిడ్డు అంటదు. పేక ముక్కలు పాడు కావు. పక్కవాళ్ళు చూసి, "శాండ్‌విచ్ తినేదే మాకూ తెండి" అన్నారట.

కథ బాగానే ఉంది. నిజమేనా? గ్రోస్లే అనే ఫ్రెంచి ఆయన 1765లో లండను చూసి ఒక పుస్తకం రాశాడు. రోజంతా జూదం ఆడుతూ ఇట్లా తిన్న మనిషి గురించి అందులో ఉంది. కాని అక్కడ దొర పేరు లేదు. ఒక మంత్రి అని మాత్రమే ఉంది. అంతకు ముందే, 1762లో, గిబ్బన్ అనే చరిత్రకారుడు తన డైరీలో శాండ్‌విచ్ అనే మాట రాసుకున్నాడు. దొర జీవితం గురించి రాసిన రాడ్జర్ ఇంకో మాట అన్నాడు. దొర నౌకాదళానికి పెద్దగా పనిచేశాడు. పని ఎక్కువై, రాత బల్ల దగ్గరే కూర్చుని తిని ఉంటాడని ఆయన అభిప్రాయం. ఇదే నమ్మేట్టుగా ఉంది.

ఎట్లా తిన్నా, దీన్ని కనిపెట్టింది మాత్రం దొర కాదు. రెండు వేల ఏళ్ళ కిందట హిల్లెల్ అనే యూదుల గురువు ఉండేవాడు. పస్కా పండుగనాడు ఆయన పులియని రొట్టెతో గొర్రె మాంసం, చేదు ఆకులు కలిపి తినేవాడని చెబుతారు. ఇంగ్లండులోనూ దొర పుట్టక ముందే జనం రొట్టె, మాంసం కలిపి తిన్నారు. కూలివాడు తింటే అది రొట్టే మాంసం. దొర తింటే శాండ్‌విచ్!

తర్వాత అది వీధిలోకి వచ్చింది. 1850 ప్రాంతంలో లండను నాటకశాలల ముందు రాత్రిపూట పేదవాళ్ళు పంది మాంసం శాండ్‌విచ్‌లు అమ్మేవాళ్ళు. ఒకటి ఒక పెన్నీ. ఆ అమ్మేవాళ్ళ బతుకుల గురించి హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత రాశాడు. 1928లో అమెరికాలో రొట్టెను ముక్కలుగా కోసే మిషన్ పనిలోకి దిగింది. ఇక కత్తి పట్టే పని కూడా లేకపోయింది.

మన దేశంలో దీనికి చుట్టం వడాపావ్. అందులో దొర పేరు లేదు. లోపల ఉండేది వడ, అంటే ఆలుగడ్డ బోండా. బయట ఉండేది పావ్ రొట్టె. పావ్ అనే మాట పోర్చుగీసు వాళ్ళది. 1966లో దాదర్ స్టేషన్ బయట అశోక్ వైద్య అనే ఆయన వడాపావ్ అమ్మడం మొదలుపెట్టాడని చెబుతారు. బొంబాయి బట్టల మిల్లుల కార్మికులకు అది బాగా కలిసొచ్చింది. ఖర్చు తక్కువ, కూర్చుని తినే పని లేదు. ఆ మిల్లుల్లో కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వెళ్ళిన పద్మశాలీలు కూడా ఉన్నారు.

1982 జనవరిలో మిల్లుల్లో పెద్ద సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఏడాది దాటినా సమ్మె తెగలేదు. చాలామందికి మళ్ళీ పని దొరకలేదు. అట్లా పని పోయినవాళ్ళలో కొందరు పొయ్యి, బాండీ కొనుక్కుని, తాము రోజూ తిన్న వడాపావ్‌నే బండి మీద అమ్మడం మొదలుపెట్టారు.