స్థిర చిరునామా

ఉత్తరం గమ్యం చేరాలంటే దానిపై చిరునామా స్పష్టంగా ఉండాలి. మన దేశంలో ఒకే పేరుగల ఊళ్లు అనేకం. భాషలు, లిపులు కూడా అనేకం. ఈ కారణంగా కలిగే గందరగోళాన్ని తొలగించడానికి తపాలా శాఖ 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్ కోడ్‌ను ప్రవేశపెట్టింది. అందులో మొదటి అంకె 5 అయితే ఆ ఉత్తరం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక ప్రాంతాలదని ఎక్కడి ఉద్యోగి అయినా గ్రహిస్తాడు. అంతర్జాలం కూడా ఇటువంటి తపాలా వ్యవస్థే. అందులో ప్రతి యంత్రానికీ ఒక సంఖ్య చిరునామాగా ఉంటుంది. ఆ సంఖ్యను చూసి సమాచారాన్ని గమ్యంవైపు నడిపించే సాధనమే రౌటర్.

చిరునామా మారితే ఏమవుతుందో నాకు తెలియజేసిన సంఘటన ఒకటి ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక ప్రవేశ పరీక్ష రోజు ఉదయం, మా కళాశాల కంప్యూటర్ గది ముందు విద్యార్థులు హాల్‌టికెట్ల కోసం బారులు తీరారు. కంప్యూటర్లు పనిచేస్తున్నాయి, ప్రింటర్ దీపం వెలుగుతున్నది, కాగితం మాత్రం రావడం లేదు. యంత్రం చెడిపోయిందని నేను నిశ్చయించుకొన్నాను. ఈలోగా పొరుగూరి పరీక్షా కేంద్రానికి వెళ్లవలసిన ఒక విద్యార్థినికి బస్సు తప్పిపోయింది. ప్రయోగశాల సహాయకుడు వచ్చి, ప్రింటర్ తెరపై ఉన్న సంఖ్యను చూసి, “సార్, ప్రింటర్ చెడిపోలేదండీ. రాత్రి కరెంటు పోయి వచ్చాక దీని ఇల్లు మారింది. ఉత్తరాలన్నీ పాత ఇంటికి పోతున్నాయి” అన్నాడు. అయిదు నిమిషాల్లో హాల్‌టికెట్లు వచ్చాయి. ఆ అమ్మాయి తరువాతి బస్సులో వెళ్లి, ద్వారం మూయడానికి కాస్త ముందుగా కేంద్రం చేరింది. ఆ సాయంత్రం ఆ సహాయకుని పక్కన కూర్చొని నేను నేర్చుకొన్న విషయాలే ఈ పాఠం.

ఈ సంఖ్యను ఐపీ చిరునామా అంటారు. 1981లో ప్రకటితమైన నాలుగవ కూర్పు ప్రకారం ఇది చుక్కలతో వేరుచేసిన నాలుగు సంఖ్యల సమూహం. ఒక్కొక్క సంఖ్య 0 నుండి 255 వరకు ఉండవచ్చు. ఈ పద్ధతిలో సుమారు 429 కోట్ల చిరునామాలు మాత్రమే సాధ్యం. అవి ప్రపంచ అవసరాలకు చాలలేదు. 2011 ఫిబ్రవరిలో కేంద్ర నిల్వలోని చివరి భాగాలను కూడా పంచివేశారు. అంతకంటె ఎంతో పెద్దదైన ఆరవ కూర్పు దీనితోపాటు వాడుకలోకి వచ్చింది.

ఇళ్లలో, కళాశాలల్లో వాడుకోవడానికి కొన్ని సంఖ్యలను ప్రత్యేకించి ఉంచారు. 192.168తో మొదలయ్యేవి అటువంటివే. ప్రతి ఊరిలోనూ రామాలయం వీధి ఉన్నట్లు, 192.168.1.20 అనే చిరునామా లక్షల ఇళ్లలో ఉండవచ్చు. ఊరు దాటితే దానికి విలువ లేదు. బయటి ప్రపంచానికి కనిపించే చిరునామాను మనకు అంతర్జాల సేవలందించే సంస్థ ఇస్తుంది.

చిరునామాలు చరములని, స్థిరములని రెండు విధాలు. రౌటర్‌లోని డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు, వచ్చిన ప్రతి యంత్రానికీ ఖాళీగా ఉన్న ఒక సంఖ్యను కొంత గడువుకు ఇస్తుంది. సత్రంలో బాటసారికి గది ఇచ్చినట్లే ఇది. ఈ రోజు వచ్చి రేపు పోయే సెల్‌ఫోన్‌కు ఈ పద్ధతి చాలు. కాని పదిమంది వెతుక్కుంటూ వచ్చే ప్రింటర్‌కు, గ్రంథాలయ సర్వర్‌కు స్థిర చిరునామా ఉండాలి.

స్థిర చిరునామాను ఏర్పాటు చేసే విధానం కష్టమైనది కాదు. ముందుగా బ్రౌజర్‌లో రౌటర్ చిరునామాను టైపు చేయాలి. చాలా రౌటర్లకు అది 192.168.1.1 లేదా 192.168.0.1. పేరు, సంకేతపదం ఇచ్చి లోపలికి ప్రవేశించాక, డీహెచ్‌సీపీ పంచే సంఖ్యల పరిధిని చూడాలి. అది 192.168.1.100 నుండి 199 వరకు ఉన్నదనుకొందాం. ప్రింటర్‌కు ఆ పరిధికి వెలుపల, మరే యంత్రానికీ ఇవ్వని 192.168.1.20ని ఇవ్వవచ్చు. పరిధి లోపలి సంఖ్యను ప్రింటర్‌లో మనంతట మనమే నమోదు చేస్తే, రౌటర్ అదే సంఖ్యను మరొక యంత్రానికి ఇచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు ఒకే ఇంటి సంఖ్యగల రెండు ఇళ్లకు ఉత్తరాలు తారుమారైనట్లు రెండు యంత్రాలకూ ఆటంకం కలుగుతుంది. ఇంతకంటె సులభమైన మార్గం మరొకటి ఉంది. తయారీలోనే ప్రింటర్‌కు లభించిన మ్యాక్ చిరునామాను రౌటర్‌లో నమోదు చేసి, “ఈ యంత్రానికి ఎల్లప్పుడూ ఈ సంఖ్యనే ఇవ్వు” అని నిర్దేశించవచ్చు.

చిరునామాతోపాటు మరి మూడు వివరాలు కావాలి. మొదటిది సబ్‌నెట్ మాస్క్. అది 255.255.255.0 అయితే మొదటి మూడు సంఖ్యలు వీధిని, చివరిది ఇంటిని సూచిస్తాయని అర్థం. రెండవది గేట్‌వే, అంటే వీధి దాటి బయటికి పోయే ద్వారం. సాధారణంగా ఇది రౌటర్ చిరునామాయే. మూడవది డీఎన్ఎస్. కళాశాల సర్వర్ బయటివారికి కూడా అందుబాటులో ఉండాలంటే, రౌటర్ బయటివైపు కూడా స్థిర చిరునామా తీసుకోవడం మేలు. ఆ వివరాలను సేవాసంస్థ ఇచ్చినవి ఇచ్చినట్లుగా నమోదు చేయాలే గాని, మనకు తోచిన సంఖ్యలు వేయకూడదు.

ఇక డీఎన్ఎస్ సంగతి. యంత్రానికి సంఖ్య ప్రీతికరం; మనిషికి పేరు ప్రీతికరం. ఈ రెండింటికీ నడుమ నిలిచిన నిఘంటువే డీఎన్ఎస్. పూర్వం పేర్లు, సంఖ్యలు గల జాబితా ఒక్కటే ఉండేది. దానిని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ నిర్వహించేది. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ జాబితా మోయరాని భారమైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ ఆ భారాన్ని అనేక సర్వర్లకు పంచే విధానాన్ని రూపొందించాడు. తత్పురుష సమాసంలో ఉత్తరపదానికి ప్రాధాన్యం ఉన్నట్లే, ఇందులో కుడివైపు చివరి పదానిది పైస్థానం. అక్కడినుండి ఎడమకు ఒక్కొక్క మెట్టు దిగుతూ సంఖ్యను కనుగొంటారు. పర్యాయపదాల వలె అనేక నామాలకు ఒకే సంఖ్య ఉండవచ్చు. నానార్థాల వలె ఒకే నామానికి అనేక సంఖ్యలూ ఉండవచ్చు. చివరి పదంగా తెలుగు లిపిలోని ‘భారత్’ కూడా ఈ వ్యవస్థలో చోటు సంపాదించుకొన్నది.

రౌటర్‌లో డీఎన్ఎస్ కోసం సాధారణంగా రెండు గడులుంటాయి. మొదటి సర్వర్ పలకనప్పుడు రెండవది ఆదుకొంటుంది. సేవాసంస్థ ఇచ్చిన సంఖ్యలను గాని, 8.8.8.8, 1.1.1.1 వంటి బహిరంగ సేవల సంఖ్యలను గాని ఇవ్వవచ్చు.

అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. నిఘంటువులో అర్థం తప్పుగా రాస్తే చదువరి తప్పుదారి పడతాడు. డీఎన్ఎస్ ఛేంజర్ అనే దుష్ట ప్రోగ్రాం సరిగా ఇదే చేసింది. అది కంప్యూటర్లలోను, సులువైన సంకేతపదాలుగల రౌటర్లలోను డీఎన్ఎస్ సంఖ్యలను మార్చివేసి, జనాన్ని మోసగాళ్లు కోరిన చోటికి మళ్లించింది. 2011 నవంబరులో ఈ ముఠాకు చెందిన ఆరుగురు ఎస్తోనియా దేశస్థులను అరెస్టు చేసేనాటికి, వందకు పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. పేరు సరిగానే టైపు చేసినా, దారి చెప్పేవాడు వంచకుడైతే గమ్యం మారిపోతుంది. కాబట్టి రౌటర్‌తో వచ్చిన సంకేతపదాన్ని మొదటిరోజే మార్చుకోవాలి.

పని పూర్తయ్యాక పరీక్షించే పద్ధతి తెలిసి ఉండాలి. ముందు రౌటర్‌ను, తరువాత 8.8.8.8 వంటి బయటి సంఖ్యను, చివరకు ఒక పేరును పింగ్ అనే ఆదేశంతో పిలిచి చూడాలి. రౌటర్ పలకకపోతే దోషం మన గదిలోనే ఉంది. రౌటర్ పలికి బయటి సంఖ్య పలకకపోతే దోషం గేట్‌వే వద్దనో, సేవాసంస్థ వద్దనో ఉండవచ్చు. సంఖ్య పలికి పేరు మాత్రమే దొరకకపోతే డీఎన్ఎస్‌ను సరిచూడాలి. దోషమెక్కడో తెలియకుండా యంత్రాన్ని నిందించడం, ఆనాడు నేను చేసిన పొరపాటు.

మా కంప్యూటర్ గది గోడమీద ఒక కాగితం ఉంది. ఏ యంత్రానికి ఏ సంఖ్య ఇచ్చామో, ఎప్పుడు ఇచ్చామో అందులో రాసి ఉంటుంది. మొదటి పంక్తి ప్రింటర్‌ది. ఆనాటి నుండి కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చినా దాని ఇల్లు మారలేదు.

అభ్యాసం

1. చర, స్థిర చిరునామాల భేదాన్ని సోదాహరణంగా వివరించండి.
2. డీఎన్ఎస్‌ను నిఘంటువుతో పోల్చడంలోని ఔచిత్యాన్ని తెలపండి.
3. రౌటర్ సంకేతపదాన్ని ఎందుకు మార్చుకోవాలి?