ఇంటి విద్యుత్తు పెట్టె: అందలి మీటలు కాపాడునదేమి?

మన గ్రామములలో విద్యుద్దీపము లేని యిల్లు నేడు అరుదు. మీటరు ప్రక్కన పింగాణి ఫ్యూజులుండిన చోట ఇప్పుడు చిన్న పెట్టెయు, అందు వరుసగా నిలిచిన మీటలును కానవచ్చుచున్నవి. ఈ మీటలనే ఎం.సి.బి.లందురు. "అవి యున్నవి గదా, మాకిక భయమేమి?" అని రైతు సోదరులు పలుమారు మాతో చెప్పుచుందురు. ఈ నమ్మకము సగమే నిజము. తక్కిన సగమువలన ప్రాణములు పోవుచున్నవి గావున, పంటల మాట కొంచెము ప్రక్కకు బెట్టి యీ పెట్టెను గూర్చి వ్రాయుచున్నాము.

ఎం.సి.బి. కాపాడునది గోడలోని తీగను, మనుష్యుని గాదు. తీగపై బరువు హెచ్చిన యెడల నది వేడెక్కును, తొడుగు కరగును, ప్రక్కన వాసమో గడ్డియో యున్నచో నంటుకొనును. దీనిని నివారించుటకు మీటలోపల రెండేర్పాట్లు గలవు. ఒకటి, రెండు లోహములనతికి చేసిన రేకు. వేడికి ఒక లోహము రెండవదానికంటె హెచ్చుగా సాగును గావున రేకు వంగి కొక్కెమును విడిపించును. ఇది నిదానపు పని. 16 ఆంపియర్ల మీటలో 23 ఆంపియర్లు పారుచున్నను అది పడుటకు గంటవరకు పట్టవచ్చును. రెండవది తీగచుట్టతో చేసిన విద్యుదయస్కాంతము. ఫేజు, న్యూట్రలు తీగలు ఒకదానినొకటి తాకినపుడు ప్రవాహము వందల ఆంపియర్లకు పోవును. అప్పుడీ అయస్కాంతము రెప్పపాటులో మీటను పడవేయును. జర్మనీలోని మాన్‌హైమ్ నగరమున హ్యూగో స్టాట్జ్ సంస్థవారు 1924లో ఈ రెంటిని ఒక్క చిన్న పరికరమున నిమిడ్చిరి.

కావున మీట తీగకు తగినదై యుండవలయును. దీపములకు వేయు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు 6 గాని 10 గాని ఆంపియర్ల మీట చాలును, 2.5 తీగకు 16 ఆంపియర్లు. మీట తరచుగా పడుచున్నదని విసిగి 32 ఆంపియర్లది తెచ్చి బిగించువారిని మేము చూచుచున్నాము. పూర్వము ఫ్యూజులో రాగిపోగులు మెలిపెట్టి కట్టిన యలవాటే యిది. పిల్లకాలువకు పెద్ద తూము పెట్టి, గట్టు తెగెనని వగచినట్లుండును.

ఇక మనుష్యుని సంగతి. మన యిండ్లకు వచ్చునది 230 వోల్టులు. తడి చేతితో, ఉత్త కాళ్లతో నేలపై నిలిచిన మనుష్యుని దేహము చూపు అడ్డు సుమారు 1000 ఓములనుకొందము. అప్పుడు వాని గుండ పారునది ఆంపియరులో నాలుగవవంతునకు లోపు. పాతకాలపు 15 వాట్ల జీరో బల్బు తీసికొనునది 65 మిల్లీ ఆంపియర్లు. అంతమాత్రము రొమ్ముగుండ పోయినను గుండె లయతప్పి ఆగవచ్చును. చిన్న బల్బు వెలిగినందులకు 16 ఆంపియర్ల మీట పడునా? మనుష్యుడు తీగను పట్టుకొన్నను అట్లే పడదు.

"మాకు ఎర్తు గలదు" అనువారు కొందరు. ఎర్తు అవశ్యకమే, కాని యొంటరిగా చాలదు. మెట్టభూములలో వేసవినాడు గుంత యెండి 20 ఓముల అడ్డు చూపినదనుకొందము. గీజరులో ఫేజు తీగ డొక్కును తాకినచో భూమిలోనికి పోవునది 11 ఆంపియర్ల చిల్లర మాత్రమే. 16 ఆంపియర్ల మీట కదలదు. గీజరు డొక్కు ప్రాణాంతకముగనే యుండును.

ఈ కొరతను తీర్చునది ఆర్.సి.సి.బి. అను వేరొక మీట. ఫేజులో వెళ్లిన ప్రవాహమంతయు న్యూట్రలులో తిరిగి రావలయును. మన సంఘపు గుమాస్తా జమాఖర్చులు సరిచూచునట్లు ఇది యా రెంటిని ఎడతెగక సరిచూచును. లెక్క తప్పినచో మధ్య నెవరి దేహముగుండనో, తడిగోడగుండనో కొంత కారుచున్నదన్నమాట. వెంటనే సరఫరా తెంపును. అంగడిలో 30 మిల్లీ ఆంపియర్లదే యడుగవలయును. 100, 300 వానివి నిప్పు ప్రమాదమునకు పనికివచ్చును గాని మనుష్యుని కాపాడుటకు గాదు. ఆర్.సి.సి.బి. బరువు హెచ్చుటను కనిపెట్టదు గావున ఎం.సి.బి.లు తీసివేయరాదు. ఎర్తును కూడ మానరాదు. అది సరిగా నున్నచో, చేయి తగులకమునుపే కారుట బయటపడి మీట పడును. రెండున్నర మీటర్ల గాల్వనైజ్డు గొట్టము, చుట్టును బొగ్గు, ఉప్పు, వేసవిలో నీరు: దీనికి కావలసినది యింతే. ఒక్క మాట మరువరాదు: ఫేజును, న్యూట్రలును రెండు చేతులతో పట్టుకొన్నచో ఆర్.సి.సి.బి.యు గుర్తింపజాలదు.

బట్టలారవేయు ఇనుప దండెము, బకెట్టులో వేసి నీళ్లు కాచు రాడ్డు, వానకాలపు పశువులపాక: ఈ మూడుచోట్ల మిక్కిలి జాగ్రత్త వలయును. దండెమును సర్వీసు తీగ తగులు కొయ్యకు గాని గొట్టమునకు గాని కట్టరాదు. దానికి నూలుత్రాడో ప్లాస్టిక్ త్రాడో మేలు. పశువు నాలుగు కాళ్లతో తడినేల నంటియుండును గావున మనుష్యునికంటె త్వరగా బలియగును. పాకలోని దీపమునకు పోవు తీగయు ఆర్.సి.సి.బి. గుండనే పోవునట్లు చూచుకొనవలయును.

ఈ మీటపై పరీక్షకొరకు చిన్న బొత్తాము గలదు. నెలకొకమారు నొక్కవలయును, పడనిచో మీట చెడినది. ఇన్వర్టరు బిగించిన పిదప మాటిమాటికి పడుచున్నదని కొందరు దానిని తప్పించి తీగలు కలిపివేయుచున్నారు. న్యూట్రలులను తప్పుగా కలిపినందువలన నిట్లు జరుగుటయే తరచు. సరిచేయవలసినది ఆ కలుపును. తప్పెక్కడనో తెలియగోరిన, ఎం.సి.బి.లన్నియు దింపి ఆర్.సి.సి.బి.ని ఎత్తి, పిదప ఒక్కొక్కటి యెత్తుచు పోవలయును. దేనిని ఎత్తినపుడు పడునో ఆ వరుసలో లోపమున్నది. దానిని దింపియుంచి తక్కినవి వాడుకొనవచ్చును. అన్నియు దింపియుండగనే పడినచో లోపము న్యూట్రలు తీగయందుండవచ్చును, ఏలయన ఒంటి మీట ఫేజును మాత్రమే తెంపును. అట్టియెడ పెట్టె విప్పక లైసెన్సు గల వైర్‌మన్‌ను పిలువవలయును.