టార్చిలైటులో వాల్వు మైకు!

మూడు బ్యాటరీల ఇత్తడి టార్చిలైటు మీ ముందు పెట్టి "ఇందులోకి మాట్లాడు తమ్ముడూ" అంటే మీరేం చేస్తారు? నేనైతే ఆ మనిషి ముఖంలోకి ఓసారి అనుమానంగా చూశాను. గుంటూరు మిర్చి యార్డుకు కాస్త అవతల ఆయన రేడియో రిపేరు కొట్టు. మార్చి నెల. యార్డు ఘాటుకు దగ్గు ఆగడం లేదు. ఆ దగ్గే టార్చిలోంచి నా చెవికున్న హెడ్‌ఫోనులోకి వచ్చి పడింది. నా దగ్గు ఇంత ఘోరంగా ఉంటుందని ఆ రోజే తెలిసింది!

ఇంతకీ ఈ తంటా అంతా ఎవరికోసమంటే వాళ్ళ బాబాయి గారి కోసం. పర్చూరు దగ్గర పల్లె. పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం. ఈలపాట రఘురామయ్య గారిది గుంటూరు దగ్గరి సుద్దపల్లేనాయె, ఆయన కృష్ణుణ్ణి చూసి పింఛం పెట్టినవాళ్ళు ఈ సీమలో ఎందరో. బాబాయి గారూ ఆ కోవలోని వారే. ఇప్పుడు ఎనభై దాటాయి. ఒక్క పద్యమూ రికార్డు కాలేదు. సెల్‌ఫోనులో పట్టబోతే రాగం పైకెక్కేసరికి గొంతు పెంకుల్లా పగిలింది.

"ఈ కొట్టు పెట్టించింది ఆయనే, నాటకాల డబ్బుతో. వచ్చే ఏడాదికి ఈ పాటి గొంతైనా ఉంటుందో లేదో" అన్నారు మెకానిక్ గారు.

మైకులో వాల్వు ఏందండీ?

కండెన్సర్ మైకుకు ప్రాణం ఒక బిళ్ళ. కొన్ని మైక్రాన్ల మందమున్న ప్లాస్టిక్ పొర, దానిమీద బంగారు పూత, వెనకాల లోహపు పలక, రెంటికీ నడుమ సన్నని సందు. దానికి అరవై వోల్టులు ఎక్కించి ఉంచితే, గొంతుకు పొర కదిలినప్పుడల్లా వోల్టేజీ కదులుతుంది. అయితే ఆ కదలిక ఎంత నీరసమైనదంటే, నాలుగు గజాల తీగ ఇచ్చారా, తీగే మింగేస్తుంది. అందుకని బిళ్ళ పక్కనే, అంగుళం దూరంలో వాల్వు ఉండాలి. వాల్వు గ్రిడ్డు కరెంటు దాదాపు పుచ్చుకోదు. వోల్టేజీని చూసి, తన దారిన పెద్దది చేసి పంపిస్తుంది.

బెర్లిన్‌లో నాయ్‌మన్ కంపెనీ 1928లో చేసిన మొదటి మైకు సీసా అంత ఉండేది, జనం దాన్ని సీసా అనే పిలిచారు! 1949లో వచ్చిన యు 47లో వి.ఎఫ్. 14 అనే వాల్వు, 1960 నాటి యు 67లో ఇ.ఎఫ్. 86. మన మెకానిక్ గారు ముందు ఇ.ఎఫ్. 86 పెట్టి చూశారు. వాల్వు పట్టింది, ట్రాన్స్‌ఫార్మరుకు చోటు లేదు. చివరికి 5840 అనే పెన్సిలంత వాల్వు తెప్పించారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుళ్ళ ఫ్యూజుల కోసం పుట్టిన బుల్లి వాల్వుల జాతి ఇది. సాకెట్టు అక్కర్లేదు. గాజులోంచే తీగలు వస్తాయి, సోల్డరు చేసుకోవడమే.

ప్లేటుకు 120 వోల్టులు, లక్ష ఓముల రెసిస్టరు. స్క్రీను గ్రిడ్డును ప్లేటుకే కలిపి ట్రయోడుగా వాడారు. గ్రిడ్డు దగ్గర వెయ్యి మెగాఓములు. అడుగున పదికి ఒకటి ట్రాన్స్‌ఫార్మరు. టార్చి తలలో బిళ్ళ, దానిపైన టీ వడకట్టే జల్లెడ!

మొదటిసారి బొయ్యిమని ఒకటే మోత. ఫిలమెంటుకు ఏసీ ఇచ్చిన పాపం అది. నిలకడైన 6.3 వోల్టుల డీసీ ఇచ్చాక మోత పోయింది గానీ చిటపటలు మొదలయ్యాయి. వాటితో పది రోజులు కుస్తీ. గ్రిడ్డు దగ్గర వేలి జిడ్డున్నా చాలు, వెయ్యి మెగాఓములకు దొంగదారి దొరుకుతుంది. "జిడ్డుకు మన మిరపదుమ్ము తోడైంది" అంటారాయన. స్పిరిట్‌తో కడిగి, ఆ అతుకును టెఫ్లాన్ ముక్క మీద గాలిలో నిలబెడితే అప్పుడు నోరు మూసింది.

అన్నట్టు, చూసి చేద్దామనుకునే వారికి ఒక మాట. స్విచ్చి ఆపినా ఆ 120 వోల్టులు కండెన్సర్లలో కాచుకుని ఉంటాయి. వాటిని ఖాళీ చేసే రెసిస్టరు లేకుండా పవర్ పెట్టె మూత ముట్టకండి.

వాల్వు అనగానే తేనె కారుతుందనే భ్రమ నాకు లేదు. బజార్లో దొరికే ట్రాన్సిస్టరు కండెన్సర్ మైకు ఈ పని చెయ్యదా? పైగా బుస తక్కువ కూడానేమో. ఆ మాటే అన్నాను.

"చేస్తుంది. చెడితే మాత్రం పారెయ్యాలి. ఇది నేను విప్పగలను."

ఆదివారం ముగ్గురం పల్లె చేరాం. ధర కోసం ఆపిన పత్తి ఇంట్లో ఒక గది నిండా ఉంది. మెకానిక్ గారి మొహం వెలిగిపోయింది. పత్తి ప్రతిధ్వనిని తినేస్తుంది, ఏ స్టూడియో సరిపోతుంది! పవర్ పెట్టె మాత్రం నిప్పు భయానికి వసారాలోనే ఉంచి, కేబులు లోపలికి లాగారు.

బాబాయి గారు 'పాండవోద్యోగ విజయాలు'లోంచి ఒక పద్యం ఎత్తుకున్నారు. ముందు మైకునుంచి మూడడుగులు వెనక్కి జరిగారు. ఆఖరి వరసకు వినిపించే గొంతు కదా! మెకానిక్ గారు చెయ్యి పట్టి ముందుకు తెచ్చారు. పాడటం అయ్యాక హెడ్‌ఫోను పెట్టుకుని, కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు పెద్దాయన.

"ఏరా అబ్బాయ్, రెండో పాదంలో ఊపిరి తీసుకున్నాను. ఇన్నేళ్ళూ స్టేజీ మీద ఒక్కడికీ తెలియనివ్వలా. ఇదేందిరా, పట్టేసింది!"

"తీసెయ్యమంటావా బాబాయ్?"

"వద్దులే, ఉండనీ. తర్వాతి పద్యం పట్టు."